యాప్ విడుదలకు ముందు బయటివాళ్లతో ఎలా టెస్ట్ చేయించాలి?

కొత్తచిగురు:
ఇంటి ఖర్చులు రాసుకునే యాప్ చేస్తున్నాం, చిన్న టీమ్. ఫ్రెండ్స్‌కీ చుట్టాలకీ ఇచ్చి చూస్తే అందరూ చాలా బాగుందనే అంటున్నారు, కానీ రెండో రోజు తెరిచినవాళ్లు లేరు. పెద్ద కంపెనీలు కస్టమర్ల నుంచి నిజం ఎలా రాబడతాయి? ఎంతమంది కావాలి? డబ్బులివ్వాలా?

నీలిమబ్బు:
రెండో రోజు తెరవకపోవడమే మీకొచ్చిన అసలు జవాబండి. ఎలా ఉందని అడిగితే మొహమాటానికి బాగుందనే అంటారు. అడగొద్దు, ఒక పని చెప్పండి, "కరెంటు బిల్లు ఇందులో ఎక్కించండి" అని, ఇక నోరు మెదపకుండా పక్కన కూర్చుని ఎక్కడ వేలు ఆగిందో, ఎక్కడ వెనక్కి వెళ్లారో రాసుకోండి. సాయం చేయాలనిపిస్తుంది, చేయకండి. విడతకు ఐదుగురు చాలని, వెబ్‌సైట్లు వాడటం ఎంత తేలికో పరీక్షించే నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లోనే రాశారు, దొరికిన లోపాలు సరిచేసి మళ్లీ ఇంకో ఐదుగురు. అయితే ఇది తడబాట్లు పట్టుకోవడానికే, ఎంతమంది కొంటారో దీంతో తేలదు.

ఏటిగట్టు:
ఒక్కపూట టెస్ట్‌తో ఆగొద్దు. కోకాకోలా 1985లో ఫార్ములా మార్చేముందు దాదాపు 2 లక్షల మందికి రుచి చూపిస్తే ఎక్కువమంది కొత్తదే బాగుందన్నారు, తీరా అమ్మకానికి పెట్టాక జనం తిరగబడితే 79 రోజులకే పాతది వెనక్కి తెచ్చారు. పాతదాని మీద మమకారం ఒక్క గుక్కలో బయటపడదు కదా. కొన్ని వారాలు వాళ్ల ఫోన్లోనే ఉంచి చూడండి.

ఇంకోటి, ఇప్పటికే ఎక్సెల్‌లోనో డైరీలోనో సొంత పద్ధతిలో లెక్కలు రాసుకుంటున్నవాళ్లను వెతకండి. ఎమ్ఐటీ ప్రొఫెసర్ ఎరిక్ వాన్ హిప్పెల్ ఇలాంటివాళ్లనే లీడ్ యూజర్లు అన్నారు, అవసరం అందరికంటే ముందే వచ్చి తమకు తామే ఏదో దారి వేసుకున్నవాళ్లు. వాళ్ల డైరీ పేజీ ఒక్కటి చూపించమంటే సర్వే కంటే ఎక్కువ తెలుస్తుంది.

వానచినుకు:
టెస్టర్ వైపు నుంచి నేను చెప్తాను. ఒక కంపెనీ బీటా యాప్‌లో (విడుదలకు ముందు పరీక్షకు ఇచ్చేది) తప్పులు స్క్రీన్‌షాట్లతో సహా పంపేదాన్ని, ఒక్కదానికీ జవాబు రాలేదు, మానేశాను. లెగో బొమ్మల కంపెనీ అభిమానుల డిజైన్లు తీసుకునే లెగో ఐడియాస్ సైట్‌లో చూడండి, ఎవరి డిజైన్‌కైనా 10,000 మంది మద్దతు వస్తే కంపెనీ పరిశీలిస్తుంది, తయారుచేస్తే నికర అమ్మకాల్లో 1 శాతం ఆ మనిషికే. మీరు అంత ఇవ్వలేకపోయినా పర్లేదు, "మీరు చెప్పింది మార్చాం" లేదా "ఈ కారణంతో మార్చలేదు" అని రాయండి చాలు. గంటసేపు కూర్చోబెడితే మాత్రం డబ్బులివ్వాల్సిందే, అది వాళ్ల టైమ్.

కొత్తచిగురు:
చాలా థ్యాంక్స్ అండి. డైరీలో లెక్కలు రాసేవాళ్లతోనే మొదలుపెడతాం. పక్కన కూర్చోవడం కుదరనివాళ్లకు వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేయిస్తే సరిపోతుందా?

నీలిమబ్బు:
సరిపోతుంది. మీ మైక్ మ్యూట్‌లో పెట్టుకోండి.