150 గజాల పాత ఇంటిపై మరో అంతస్తు: అనుమతి తీసుకునే కట్టాలా?

మల్కాజిగిరి గృహస్థు:
సభ్యులందరికీ నమస్కారం. మాది ముప్పై అడుగుల వెడల్పు, నలభై ఐదడుగుల పొడవు గల 150 గజాల స్థలం. మల్కాజిగిరి ఇంకా విడి పురపాలక సంఘంగా ఉన్న రోజుల్లో, 1994లో, మా నాన్నగారు ప్లాను మంజూరు చేయించుకుని ఒక అంతస్తు కట్టారు. పిల్లర్లు లేవు, రాతికట్టు పునాది, దానిపై తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, వాటి మీద స్లాబు. ప్లానులో దక్షిణం వైపు మూడడుగులకు పైగా ఖాళీ చూపారు కానీ, టేపు పట్టి కొలిస్తే అక్కడ ఉన్నది రెండడుగులే. మా అబ్బాయికి పెళ్లి కుదిరినందున పైన రెండు గదులు, ఒక వంటిల్లు వేసి, పనిలో పనిగా కింద హాలుకూ భోజనాల గదికీ మధ్య గోడ తీసేద్దామని ఆలోచన. అనుమతి లేకుండా మొదలుపెట్టినా స్లాబు పడ్డాక ఎవరూ ముట్టుకోరని, అక్రమ కట్టడాలను రుసుముతో సక్రమం చేసే క్రమబద్ధీకరణ పథకం ఏదో ఒక రోజు రాక తప్పదని మా మేస్త్రి ధీమా. మా తోడల్లుడు గారు ససేమిరా వద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?

విశ్రాంత ప్లానింగ్ ఉద్యోగి:
మీ తోడల్లుడు గారి మాటే వినండి. 2012 ఏప్రిల్ 7 నాటి 168వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వులోని భవన నిర్మాణ నియమాల ప్రకారం, మీ స్థలం సుమారు 125 చదరపు మీటర్లు కనుక, వీధి 12 మీటర్లకు మించనిదైతే ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు వదలాలి. వీధి వైపు తప్ప మిగతా వైపుల ఖాళీలో పది శాతం వరకు తేడాను జరిమానాతో మన్నించే వీలుంది కానీ, మీటరులో పది శాతం అంటే నాలుగంగుళాలే. మీకు తగ్గింది పదిహేను అంగుళాలు. అనుమతి కోసం చెప్పులరిగేలా తిరగాలన్న భయం ఇప్పుడు అంతగా అక్కర్లేదు. తెలంగాణలో భవన అనుమతుల కోసం 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం వచ్చాక 75 గజాలు దాటి 600 గజాల లోపు ఉన్న స్థలంలో, 10 మీటర్ల ఎత్తు వరకు ఇంటికి స్వీయ ధ్రువీకరణపైనే, అంటే వివరాలు నిజమని మీరే రాసిచ్చిన దాని మీదే, అనుమతి దొరుకుతుంది. అయితే ఆ సౌలభ్యంలోనే ఒక మెలిక ఉంది. దరఖాస్తులో రాసినది అబద్ధమని తేలితే నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చే అధికారం అదే చట్టంలో ఉంది. కాబట్టి దక్షిణం గోడను 1994 ప్లానులో ఉన్నట్టు కాకుండా నేల మీద ఉన్నట్టే చూపండి.

ఉప్పల్ వాసి:
ఇది కాగితం మీద బాగుండే సలహా. నేను 2013లో అనుమతి లేకుండానే పై అంతస్తు వేశాను. 2015లో క్రమబద్ధీకరణ పథకం రాగానే రుసుము కట్టి అర్జీ పెట్టాను. మరుసటి ఏడాది హైకోర్టు, అర్జీలను పరిశీలించవచ్చు గానీ తుది ఉత్తర్వులు ఇవ్వవద్దని చెప్పడంతో నాదీ అందరితో పాటు ఆగిపోయింది. ఆగితే నాకేం పోయింది? పై వాటా అద్దెతోనే మా అమ్మాయి ఇంజనీరింగ్ చదువు పూర్తయింది. అన్నీ సక్రమంగా చేద్దామని కూర్చున్న మా ఎదురింటివారు ఇప్పటికీ ఒక్క అంతస్తులోనే ఉన్నారు.

విశ్రాంత ప్లానింగ్ ఉద్యోగి:
మీకు పోయింది మీరు చెప్పలేదండి, నేను చెబుతాను. పూర్తిగా అనుమతి లేని అంతస్తుకు ఇంటి పన్నుతో పాటు మరో అంత మొత్తం జరిమానాగా వసూలు చేస్తారు. ఏళ్ల తరబడి ఆ రసీదులు దాచుకున్నా, అవి కట్టడాన్ని సక్రమం చేయవని నిబంధనలోనే ఉంది.

బెజవాడ సభ్యుడు:
ఉప్పల్ వారి లెక్కను కొట్టిపారేయలేము. ఉమ్మడి రాష్ట్రంలో 2007 డిసెంబరులో ఒక పథకం వచ్చింది. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2014 డిసెంబరు 31 లోపు కట్టినవాటికి ఒకసారి, 2018 ఆగస్టు 31 లోపు కట్టినవాటికి మరోసారి అవకాశమిచ్చారు. ఇన్నిసార్లు తలుపు తెరిచిన ప్రభుత్వాలే జనానికి ఈ ఆశ నేర్పాయి. కానీ ప్రతి పథకమూ ఒక గత తేదీకి ముందు పూర్తయిన కట్టడాలకే వర్తించిందని, మల్కాజిగిరి వారు కట్టబోయేది రేపటి మాటని మరవకూడదు. పైగా 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో, ఎన్నేళ్లు గడిచినా, ఎంత ఖర్చు పెట్టినా, అధికారులు ఎంత ఉపేక్షించినా అక్రమ కట్టడం సక్రమం కాబోదని చెబుతూ, బ్యాంకులు నివాసయోగ్యతా పత్రం (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) చూశాకే భవనంపై రుణమివ్వాలని ఆదేశించింది. రేపు మీ అబ్బాయి ఆ వాటా మీద రుణానికి వెళితే మొదట అడిగేది ఆ కాగితమే.

నిబంధనతోనే పేచీ:
అందరూ నిబంధనను దైవవాక్కులా తీసుకుంటున్నారు. ఆ ఖాళీలన్నీ వదిలితే 1350 చదరపు అడుగుల స్థలంలో కట్టుకోగలిగేది దాదాపు 863 అడుగులే. మూడో వంతుకు పైగా భూమి చేతిలోంచి జారిపోతుంది. వెయ్యి గజాలున్నవాడికి అది తోట, 150 గజాలవాడికి అది ఒక పడకగది. సామాన్యుడు పాటించలేని కొలత పెట్టి, పాటించలేదని ఏటా జరిమానా గుంజడం పాలన ఎలా అవుతుంది?

దక్షిణపు ప్రహరీ అవతలివాడు:
నేను మల్కాజిగిరి వారి పొరుగువాణ్ణి కాను, కానీ అలాంటి ఇంటికి దక్షిణాన ఉండేవాణ్ణి. నాలుగేళ్ల క్రితం మా పక్కింటివారు రెండడుగుల ఖాళీ మీదుగా సజ్జను మా ప్రహరీ దాకా తెచ్చి పై అంతస్తు లేపారు. మా అమ్మగారి గదిలో ఇప్పుడు మిట్టమధ్యాహ్నం లైటు వెలగాల్సిందే. వర్షం పడితే వాళ్ల సజ్జ నీళ్లు మా కిటికీలోకి. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం ప్రకారం ఇరవై ఏళ్లుగా ఆటంకం లేకుండా అనుభవిస్తున్న గాలీ వెలుతురుకు హక్కు కోరవచ్చని వకీలు గారు చెప్పారు, దావా వేయడానికి మనసొప్పలేదు. పేచీ వారు తన చేతిలోంచి జారిందంటున్న ఆ అడుగులు మా ఇంటి కిటికీ అండి.

స్ట్రక్చరల్ ఇంజనీరు:
చట్టం గురించి అందరూ చెప్పారు, ఇల్లు ఏమంటుందో ఎవరూ అడగలేదు. మీ కట్టడ విస్తీర్ణం ఎనభై చదరపు మీటర్లు అనుకుంటే, ఐదంగుళాల కొత్త స్లాబు ఒక్కటే ఇరవై ఐదు టన్నులు. చుట్టూ తొమ్మిదంగుళాల గోడలు లేపితే తలుపులు, కిటికీలు పోను మరో నలభై. అప్పుడు ఒక్క అంతస్తు కోసమే వేసిన రాతికట్టు ఈ బరువు మోస్తుందో లేదో పైనుంచి చూసి చెప్పగల మేస్త్రి ఇంకా పుట్టలేదు. గోడ పక్కన రెండు మూడు చోట్ల గుంత తవ్వి, పునాది ఎంత లోతుందో, అడుగున ఎంత వెడల్పుందో, కింద మొరం ఉందో నల్లరేగడి ఉందో కళ్లారా చూడాలి.

ఇక్కడ నిబంధనకూ ఇంటికీ ఒక చిక్కు ఉంది, ప్లానింగ్ వారు దాన్ని ప్రస్తావించి ఉండాల్సింది. కింది గోడ రెండడుగుల దగ్గర ఉంది, పైగోడ మీటరు దగ్గర ఉండాలి. అంటే పైగోడ పదిహేను అంగుళాలు లోపలికి జరిగి, కింద ఆధారమేమీ లేని స్లాబు మీద కూర్చుంటుంది. స్లాబు మీద నేరుగా ఇటుక గోడ కట్టడం ఈ ఇంటికి చేయగల అపకారాలలో పెద్దది. ఆరు నెలల్లో కింద సీలింగుకు బారెడు పగులు కనిపిస్తుంది. దారులు రెండే. ఒకటి, వదలాల్సిన ఖాళీని వదిలి, దానికి లోపలివైపు కొత్త పునాదులతో పిల్లర్లు లేపి, పాత గోడల మీద భారం పడకుండా బీముల మీద అంతస్తు వేయడం; ఇది ఖర్చుతో కూడినది. రెండు, పునాది తగినదని తేలితే, దక్షిణపు గదుల వరుస వదిలేసి, లోపలి తొమ్మిదంగుళాల అడ్డగోడకు సరిగ్గా పైన కొత్త గోడ వచ్చేలా చిన్న వాటా వేయడం.

హాలు మధ్య గోడ సంగతి కూడా చెబుతాను. రంగులు, గచ్చు, టైల్స్, ఫాల్స్ సీలింగ్, గోడలో తలుపు, కిటికీ కొత్తగా పెట్టడం లేదా ఉన్నదాన్ని పూడ్చడం వంటి పనులకు జాతీయ భవన నియమావళి అనుమతి అడగదు. కట్టడం నిలకడ దెబ్బతినకూడదన్నదే షరతు. పిల్లర్లు లేని ఇంట్లో తొమ్మిదంగుళాల ప్రతి గోడా పిల్లరే. బీము వేయకుండా దాన్ని తీయకండి. నాలుగున్నర అంగుళాల గోడ అయితే, దాని మీద స్లాబు ఆనలేదని చూపించుకుని తీయవచ్చు.

ఉప్పల్ వాసి:
ఇంజనీరు గారు చెప్పిన గుంత సంగతి నేను ఒప్పుకుంటాను. 2013లో నేను తవ్వించలేదు, మెట్ల దగ్గర గోడకు పగులు ఉంది. అయినా అనుమతి విషయంలో నా అభిప్రాయం మారలేదు. పడిపోకుండా కట్టుకోవడం వేరు, ఆఫీసు కాగితం వేరు.

విశ్రాంత ప్లానింగ్ ఉద్యోగి:
వేరే కావచ్చు, కానీ ఆ కాగితం కోసం వెళ్లి ఉంటే ఇంజనీరు సంతకం అవసరమై, ఆ గుంత అప్పుడే తవ్వి ఉండేవారు. పదిహేను అంగుళాల చిక్కును నేను ముందే చెప్పకపోవడం మాత్రం నా పొరపాటే.

మల్కాజిగిరి గృహస్థు:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న వాయవ్యంలోనూ దక్షిణంలోనూ గుంతలు తవ్వించాము. వాయవ్యంలో పునాది నాలుగడుగుల లోతున గట్టి మొరం మీద ఉంది. దక్షిణంలో మాత్రం రెండున్నర అడుగులకే రాయి అయిపోయింది. అక్కడి మట్టిని పార మొనతో గీస్తే ముద్దలుగా ఊడి వచ్చింది. చూసిన మేస్త్రి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అందుకని దక్షిణపు వరుస జోలికి పోకుండా, ఉత్తరం వైపు అడ్డగోడ మీదుగా ఒక గది, వంటిల్లు మాత్రం వేసేలా ప్లాను గీయించి, ఉన్న గోడను ఉన్నట్టే చూపి దరఖాస్తు చేయబోతున్నాను. రెండో గది లేదని ఇంట్లో అలకలు మొదలయ్యాయి. హాలు గోడ కొలిస్తే పూతతో కలిపి పది అంగుళాలు వచ్చింది. దాని పని మానుకున్నాము. ఇంజనీరు గారూ, పై గదికి లోపలి అడ్డుగోడలు తేలిక ఇటుకతో కడితే సరిపోతుందా, అక్కడా మామూలు ఇటుకే వాడాలా?

స్ట్రక్చరల్ ఇంజనీరు:
బరువు మోయని అడ్డుగోడలకు తేలిక ఇటుక చాలండి, మామూలు ఇటుకలో మూడో వంతు బరువే ఉంటుంది. స్లాబు ఆనే గోడలకు మాత్రం మామూలు ఇటుకే వాడండి. దక్షిణంలో తవ్విన గుంతను వదులు మట్టితో పూడ్చవద్దు. పొరలు పొరలుగా నీళ్లు చల్లి దిమ్మిస కొట్టించండి, వానలు పడేలోపే.