ఇంటి పక్క సందులో గులకరాళ్లు పరిపించాం, ఇప్పుడు పూజగది గోడకి చెమ్మ ఎక్కుతోంది

మదనపల్లె_ఇల్లాలు:

అందరికీ నమస్కారం. మాది బెంగళూరు రామ్మూర్తినగర్‌లో 30×40 సైటు. ఉత్తరం పక్క ఇంటికీ కాంపౌండుకీ మధ్య 3 అడుగుల సందు ఉంది, పొడవు 32 అడుగులు. మొన్నటిదాకా సిమెంటు బెడ్డే. పాచి పట్టి, పోయినేడు మా అత్తగారు అక్కడే జారిపడి మణికట్టు విరిగింది. ఆమె పొద్దున్నే తులసికోట దగ్గరికి పోయేది ఆ దారినే. ఇంక ఆ బెడ్డు వద్దనుకుని పగలగొట్టించాం. తోటపని చేసే అతను మట్టి చదును చేసి, కలుపు రాకుండా నల్ల ప్లాస్టిక్ షీటు పరిచి, 4 అంగుళాల మందాన గులకరాళ్లు పోశాడు. నడవడానికి మధ్యలో కడప బండలు వేశాడు.

మే నెలలో రెండు గట్టి వానలు పడ్డాయి. పైకి రాళ్లు ఎండిపోయి కనిపిస్తున్నాయి గానీ మూడోరోజు ఒక బండ ఎత్తి చూస్తే కింద నీళ్లు అట్లే ఉన్నాయి. పక్కింటి కానుగ చెట్టు ఆకులు అందులో కుళ్లి వాసన, దోమపిల్లలు తిరుగుతున్నాయి. పూజగది గోడ లోపలి పక్క మోకాలెత్తున పెయింటు ఉబ్బింది, గోరుతో గీరితే ఉప్పులాంటి తెల్లపొడి రాలుతోంది.

మిద్దె మీద వెనక సగం నీళ్లు రెండు పైపుల్లో ఈ సందులోకే దిగుతాయి. తోటపని అతనేమో ఇంకో రెండంగుళాలు రాళ్లు పోస్తే సరిపోతుందంటాడు. మా ఆయన మళ్లీ సిమెంటు వేసేద్దామంటున్నారు. అత్తగారిని చూస్తూ నాకు మనసొప్పడం లేదు. రాళ్లు అట్లే ఉంచుకుని నీళ్లు పోయే దారి చేయొచ్చా?

హొరమావు_నుంచి:

మాకూ ఇట్లే అయితే ఇనప కడ్డీతో షీటుకి అడుగడుక్కీ బొక్కలు పొడిచాం అక్కా. నీళ్లు తొందరగానే ఇంకిపోయాయి. మాది ఎర్రమట్టి. ముందు అది చేసి చూడండి, పెద్ద ఖర్చేం లేదు.

సైటు_మేస్త్రీ:

అమ్మా, బొక్కలు ఇప్పుడే పొడవొద్దు. గోడ పక్కనే నీళ్లు కిందికి దింపితే అవి పునాది దగ్గరికే పోతాయి. నేను 22 ఏళ్లుగా ఈ ఊర్లోనే ఇళ్లు కట్టిస్తున్నాను, ఈ గులకరాళ్ల సందులు బాగుచేయమని ఏటా ఎవరో ఒకరు పిలుస్తారు. రాళ్లు నీళ్లని కనపడకుండా చేస్తాయంతే, ఎక్కడికీ పంపవు. పంపాల్సింది కింద ఉండే వాటం, అంటే ఏటవాలు.

మీ లెక్కే చూద్దాం. మిద్దె వెనక సగం 500 చదరపు అడుగులు అనుకుంటే దాదాపు 46 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు. 50 మిల్లీమీటర్ల వానకి మిద్దె నుంచి 2,300 లీటర్లు దిగుతాయి. సందులో నేరుగా పడేది 450 లీటర్లే, ఎందుకంటే సందు 9 చదరపు మీటర్లు. మరి మీ 4 అంగుళాల రాళ్ల సందుల్లో పట్టేది ఎంత? 360 లీటర్ల దగ్గర. ఇంకో రెండంగుళాలు పోస్తే ఇంకో 180. రాళ్లు పెంచితే తీరేది కాదని మీకే తెలుస్తుంది.

అందుకని మొదటి పని మిద్దె నీళ్లని రాళ్ల మీద పడనీయకుండా చేయడం. రెండు పైపుల కింద ఒక్కో ఛాంబరు కట్టించండి, పైన జాలీ, అడుగున ఆకులు నిలవడానికి కొంచెం లోతు. అక్కడి నుంచి మూసిన 4 అంగుళాల పీవీసీ పైపులో గేటు దాకా తీసుకుపోండి. ఇది చేస్తే సగానికి పైగా బాధ పోతుంది.

ఇంక సందు. రాళ్లు, షీటు పూర్తిగా తీయించాలి. గోడ వెంబడి ఒక అడుగు వెడల్పున సిమెంటు పట్టీ వేసి కాంపౌండు వైపు అర అంగుళం వాటం ఇవ్వండి. అత్తగారు నడిచేది బండల మీదే కాబట్టి పట్టీకి నునుపు చేయకుండా చీపురుగీతలు పెట్టిస్తే చాలు. మిగతా రెండడుగుల్లో మట్టికి దిమ్మిస కొట్టి, గేటు వైపు నూటికి ఒకటి వాటం పెట్టండి. 32 అడుగులకి 4 అంగుళాలకి కాస్త తక్కువ వస్తుంది. దాని మీద ప్లాస్టిక్ కాదు, నీళ్లు దిగే జియోటెక్స్‌టైల్ గుడ్డ. ఆ పైన కంకర, కంకర మధ్యలో బొక్కల పైపు, బొక్కలు కిందికి ఉండేట్టు. పైపు వెనక కొస నిలువుగా పైకి తీసి మూత పెట్టండి, పూడిపోతే అక్కడినుంచి నీళ్లు కొట్టి కడుక్కోవచ్చు. చివరగా గులకరాళ్లు, లోపలి గచ్చు కంటే కనీసం అరడుగు కిందికే ఆపాలి. మీ వాళ్లు పైదాకా పోసుంటే చెమ్మకి అదీ ఒక కారణమే.

కాంపౌండు పునాది కంటే లోతుగా మాత్రం తవ్వనీయొద్దు, గోడ ఒరుగుతుంది.

మదనపల్లె_ఇల్లాలు:

అన్నా, మీరు రాసింది ఆయనకి చదివి వినిపించాను. ఆదివారం మా అబ్బాయి, నేను రాళ్లు ఒక పక్క తీసి, నీళ్ల ట్యూబుతో మట్టం చూశాం. గేటు దగ్గర కంటే వెనక అంగుళంన్నర పల్లంగా ఉంది. అంటే నీళ్లన్నీ నేరుగా పూజగది మూలకే పోతున్నాయి! చదును చేశానన్నది ఇట్లా. గోడ దగ్గర రాళ్లు గచ్చుకి రెండంగుళాల కిందే ఉన్నాయి.

ఒక సంగతి. గేటు పక్కనే మా యూజీడీ (భూగర్భ మురుగు లైను) ఛాంబరు ఉంది. పైపు అందులోకి కలిపేస్తే సులువు కదా అంటున్నాడు అబ్బాయి.

సైటు_మేస్త్రీ:

అస్సలు కలపొద్దమ్మా. అది మురుగుకి వేసిన లైను, వాననీళ్లు అందులో పోయడానికి లేదు. వీధంతా అట్లే కలిపితే పెద్ద వానకి మురుగు ఎదురెక్కి మీ బాత్రూం జాలీలోంచే పైకి వస్తుంది. పల్లపు వీధుల్లో నేను కళ్లారా చూశాను.

గేటు మూలలో జాగా ఉంటే ఇంకుడు గుంత తీయించండి. పునాదికీ సంపుకీ పదడుగుల దూరం ఉండాలి. సందులో మాత్రం వద్దు. తవ్వే ముందు మట్టి చూడండి. అడుగున్నర గుంత తీసి నీళ్లు నింపి, అవి ఇంకాక మళ్లీ నింపి, అంగుళం దిగడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. అరగంట లోపలైతే బాగుంది. గంటలు పడితే అది బంకమట్టో, పూడ్చిన చెరువు మట్టో. అప్పుడు గుంత పెట్టినా దండగ, వీధి వాననీటి కాలువలోకే పంపాలి. గుంత పెట్టినా నిండితే పొర్లే నీళ్లకి కాలువలోకి దారి ఉండాలి.

హొరమావు_నుంచి:

నేను బొక్కలు పొడవమన్నది తప్పే అక్కా, మన్నించండి. మా సందు 6 అడుగులు, మిద్దె పైపులు అటు లేవు. ఆ తేడా ఆలోచించకుండా రాశాను.

మదనపల్లె_ఇల్లాలు:

అయ్యో, పర్వాలేదు తమ్ముడూ.

గుంత తీసి చూశాం. రెండోసారి నింపాక అంగుళం దిగడానికి 20 నిమిషాలు పట్టింది, పైన చెత్తమట్టి ఉన్నా కింద ఎర్రమట్టే. గేటు మూల ఇంటి గోడకి 11 అడుగులుంది, సంపు అవతలి పక్క. ఛాంబర్లు రెండూ కట్టడం అయిపోయింది, మూసిన పైపు వేశారు. నిన్న సాయంత్రం వాన పడితే టార్చి పట్టుకుని జాలీ దగ్గర కూర్చున్నాను. కానుగ ఆకులు జాలీ మీదే ఆగాయి, నీళ్లు సుడి తిరుగుతూ లోపలికి పోయాయి. సందులో మట్టి తడిసింది గానీ మడుగు కట్టలేదు.

పూజగది గోడ పెయింటు ఇప్పుడే గీకించాలా, ఆరేదాకా ఆగాలా?

సైటు_మేస్త్రీ:

ఉబ్బిన పెయింటు, గుల్లబారిన పూత ఇప్పుడే గీకించి గోడని ఊపిరి పీల్చుకోనీయండి. కొత్త రంగు మాత్రం అప్పుడే వద్దు. ఈ వానలు పోయి, తెల్లపొడి రాలడం ఆగాకే పుట్టీ పట్టించండి.