అప్‌డేట్: వయోజన తరగతిలో మాట్లాడే నైపుణ్యాన్ని కొలవడం (పరిష్కారం దొరికింది)

మాటకు పదికి మార్కులు వేస్తుంటే ఒకే మనిషికి ఒక టీచరు 4, ఇంకొకరు 8 వేస్తున్నారు, ఏం చేయాలని అడిగాను. మాది విశాఖ జాలరిపేట వైపు సాయంత్రం తరగతి. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

పనిచేసింది ‘ఈక్విప్డ్ ఫర్ ది ఫ్యూచర్’ అనే వయోజన విద్య ప్రమాణాల్లో మాట్లాడే నైపుణ్యానిది చూడమన్న సలహా. అమెరికాలో ఇంగ్లిష్ కోసం రాసిందే అయినా దాని నాలుగు భాగాలూ తెలుగుకు సరిపోయాయి: ఎందుకు మాట్లాడుతున్నామో తెలియడం, వినేవాళ్లకు తగ్గట్టు విషయం పేర్చడం, మాట తీరూ వేగమూ, ఎదుటివాళ్లకు అర్థమైందో లేదో గమనించి సరిచేసుకోవడం. మార్కులు తీసేసి ఒక్కోదానికి ‘సాయంతో’, ‘సొంతంగా’, ‘కొత్త చోట కూడా’ అని మూడు గడులు పెట్టాం.

మాట్లాడాల్సిన సందర్భాన్ని కార్డు మీద రాసి ఇస్తాం. ఒక కార్డు: కేజీహెచ్ ఆసుపత్రి ఓపీ కౌంటర్లో పిల్లాడి జ్వరం గురించి చెప్పాలి. టీచరు కావాలనే ఒకసారి ‘అర్థం కాలేదమ్మా’ అంటారు. నేర్చుకునేవాళ్లు అదే మాట గట్టిగా అని ఆగిపోయి, మిగతాది మనం అడిగి రాబట్టాల్సి వస్తే అది ‘సాయంతో’. ‘మొన్న రాత్రి నుంచండి, మందేసినా తగ్గలేదు’ అని మార్చి చెబితే ‘సొంతంగా’. వారం తర్వాత ముందు చెప్పకుండా రేషన్ షాపు కార్డు ఇస్తే మూడో గడి తేలుతుంది. ఫోన్‌లో రికార్డు చేసి, ఇద్దరు టీచర్లూ విడివిడిగా టిక్ పెట్టాకే పోల్చుకోవాలి.

టీచర్ల మార్కుల్లో తేడాకు అసలు కారణం యాస. ‘ఏటి’, ‘ఎల్లిపోనాది’ అన్నవాళ్లకు ఒకరు మార్కులు కోస్తున్నారు. అది తప్పు కాదు, వాళ్ల భాష. అర్థమైతే కోత లేదని కార్డు మీదే రాయండి.

టైమరు, మైకు అవసరం పడలేదు. మార్కులు తీసేయడం సంగతికొస్తే, ఉల్లాస్ (కేంద్ర ప్రభుత్వ వయోజన అక్షరాస్యత కార్యక్రమం) పరీక్ష నమూనాలోనూ చదవడం, రాయడం, లెక్కలు 50 చొప్పున 150, మాటకు విడిగా మార్కుల్లేవు.