అమెరికాలోని మోంటానా బైసన్ రేంజ్‌ని అక్కడి ఆదివాసీ తెగలకు తిరిగి ఇచ్చేయడం సరైన పనేనా?

మిసౌలావాసి:
మా చుట్టాలు వస్తే ఫ్లాట్‌హెడ్ రిజర్వేషన్‌లో (తెగలకు కేటాయించిన ప్రాంతం) ఉన్న బైసన్ రేంజ్‌కి, అంటే అడవిదున్నల్లాంటి బైసన్‌లను కాపాడే చోటికి, తీసుకెళ్ళాను. 1908లో సాలిష్, కూటెనై తెగలు ఒప్పుకోకుండానే ఫెడరల్ ప్రభుత్వం వాళ్ళ దగ్గర తీసేసుకున్న భూమి అది, 18 వేల ఎకరాల పైనే. 2020 డిసెంబర్‌లో చట్టం చేసి తిరిగిచ్చారు, 2022 నుంచి తెగలే నడుపుతున్నాయి. ఇది ఎప్పుడో జరగాల్సిందని నా అభిప్రాయం. మీరేమంటారు?

కిన్నెరసాని_రైతు:
ముందు బ్రూసెల్లోసిస్ సంగతి చెప్పండి. బైసన్‌ల నుంచి ఆ జబ్బు అంటుకుంటే ఆవులు ఈసుకుపోతాయి, మంద మొత్తం క్వారంటైన్. పోయేది పక్కనున్న రైతుకి. మా మొక్కజొన్న అడవి పందులు ఒక్క రాత్రిలో దొర్లించి పోతే, పరిహారం అడిగినందుకు ఫొటోలో పంది కనబడట్లేదన్నారు. జంతుప్రేమ ఖర్చంతా చివరికి రైతు నెత్తినే.

పశువైద్యం:
మీరు చెప్పే జబ్బు ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు మందది, ఈ రేంజ్‌కి వందల మైళ్ళ దూరం. అక్కడి బైసన్‌లకు అది అంటింది కూడా వలస వచ్చినవాళ్ళ పశువుల నుంచే. బయట మేతలో బైసన్ నుంచి ఆవుకి సోకినట్టు రుజువైన కేసు లేదు, సోకించినవి ఎల్క్‌లు (పెద్ద దుప్పుల్లాంటివి). ఎల్లోస్టోన్ బైసన్‌లు వేరే తెగలకు వెళ్ళాలంటే క్వారంటైన్, పరీక్షలు అన్నీ దాటాకే.

కిన్నెరసాని_రైతు:
రుజువు కాలేదంటే సోకదని కాదు.

డెన్వర్_రవి:
2022-23 చలికాలంలో పార్కు దాటి బయటికొచ్చిన బైసన్‌లను తెగల వేటగాళ్ళు వెయ్యికి పైగా చంపారు. దీన్ని సంరక్షణ అంటారా?

మిసౌలావాసి:
రవి గారూ, అది ప్రభుత్వంతో తెగలు చేసుకున్న పాత ఒప్పందాల్లో రాసి ఉన్న వేట హక్కు. ట్రక్కులెక్కించి కబేళాకి పంపింది మాత్రం ప్రభుత్వ సంస్థలే, ఏళ్ళ తరబడి. కోట్లలో ఉన్న బైసన్‌లు 1880ల చివరికి వెయ్యికి అటూ ఇటుగా మాత్రమే మిగిలాయి. అంతకు ముందే, 1870ల్లో, ఫ్లాట్‌హెడ్ లోయకి దూడలు తోలుకొచ్చి బతికించింది ఈ తెగలవాళ్ళే. మిషెల్ పాబ్లో, చార్లెస్ అలార్డ్ అనే అక్కడి పశువుల పెంపకందార్లు ఆ మందని పెంచారు. రిజర్వేషన్‌ని బయటివాళ్ళకి తెరుస్తున్నారని తెలిసి, మేత భూమి ఉండదని పాబ్లో తన మందని కెనడాకి అమ్మేశాడు. రేంజ్‌లో 1909లో వదిలినవాటిలో ఎక్కువ ఆ మంద సంతానమే. పెంచినవాళ్ళని పక్కకి నెట్టి వందేళ్ళు వాళ్ళ చేతికి పగ్గాలివ్వలేదు. కలిసి నడుపుదామని చేసుకున్న ఒప్పందాలు కూడా రెండుసార్లు విరిగిపోయాయి, 2006లో, 2010లో.

కిన్నెరసాని_రైతు:
1971లో కోర్టు అది అన్యాయంగా తీసుకున్న భూమేనని తేల్చి డబ్బిప్పించింది కదా. డబ్బు తీసుకున్నాక మళ్ళీ భూమి ఎందుకు? ఇలా వెనక్కి పోతే ఎక్కడ ఆగుతుంది?

పశువైద్యం:
ఇంతసేపూ జబ్బు జబ్బు అన్నారు. మీ బాధ ఆవుల గురించి కాదన్నమాట.

కిన్నెరసాని_రైతు:
కాదు. మా తాత, గిరిజనేతరులకి భూమి అమ్మకూడదనే 1/70 చట్టం రాకముందే, ఏజెన్సీలో తెల్లకాగితం మీద భూమి కొన్నాడు. రాళ్ళేరి బోరు వేశాం. ఈరోజుకీ పట్టా లేదు, బ్యాంకు లోను లేదు. అక్కడి రైతులు ఎందుకు వణుకుతున్నారో నాకు తెలుసు. ఏసీలో కూర్చుని న్యాయం చెప్పేవాళ్ళకి తెలీదు.

డెన్వర్_రవి:
అందరూ కాస్త తగ్గండి.

కోయపిల్లోడు:
అన్నా, మాదీ కిన్నెరసాని పక్కనే. ఆ తెల్లకాగితం మీద వేలిముద్ర ఎవరిదో మీ ఇంట్లో ఎప్పుడైనా చెప్పారా? మా దగ్గర ఎన్ని మూటల జొన్నలకి ఎంత భూమి పోయిందో మా ముసలోళ్ళు ఇప్పటికీ చెప్తారు. ఆ 2020 చట్టంలో ఏ రైతు ఎకరమూ పోలేదు, ఫెడరల్ ప్రభుత్వం తన చేతిలో ఉన్నదే ఇచ్చింది. మా సంగతి చూడు, అభయారణ్యం గీత గీసినప్పుడు మమ్మల్ని అడగలేదు. ఏ వాగు దగ్గర దుప్పులు దిగుతాయో చెప్పేది మావాళ్ళే, కానీ మావాళ్ళకి దొరికేది దినకూలీ వాచర్ పని. రేంజర్ సంతకం మనవాడిది ఎప్పుడవుతుందని నేనడుగుతుంటే మీరు ఆవుల జబ్బు దగ్గరే ఆగిపోయారు.

కిన్నెరసాని_రైతు:
మా తాత ఎవర్నీ మోసం చేయలేదు తమ్ముడూ. ఆ భూమి తప్ప మాకింకేం లేదు.

కోయపిల్లోడు:
మోసం చేశాడని నేననలేదన్నా. వేలిముద్ర ఎవరిదని అడిగాను.