జెరాక్స్ షాపు వాట్సాప్‌కి ఆధార్ పంపితే వెనక ఏం మిగులుతుంది?

గోదారిగట్టు:
ఏ జెరాక్స్ షాపుకెళ్ళినా గోడ మీద ఒక నంబరు అంటించి ఉంటుంది, "దీనికి వాట్సాప్ చేయండి, ప్రింట్ తీస్తాం" అని. ఆధార్, పాన్, పాస్‌బుక్ మొదటి పేజీ, అన్నీ అలాగే పోతున్నాయి. మూడు సందేహాలు. ప్రింటయ్యాక మన ఫోన్లో "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" కొడితే షాపు కంప్యూటర్లో ఫైలు పోతుందా? ఆధార్ నంబరు మీద ఫోన్లోనే నల్లగీత గీసి పంపితే పర్లేదా? నంబరులో చివరి 4 అంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ ఒక్కటి సరిపోతుందా? ఇంట్లో ప్రింటర్ కొనుక్కోమనే సలహా మాత్రం వద్దండీ.

పాతమోడెం:
పోదండీ. వాట్సాప్ వెబ్‌లో వచ్చిన పీడీఎఫ్‌ని ప్రింట్ తీయాలంటే మామూలుగా ముందు దాన్ని డౌన్‌లోడ్స్ ఫోల్డర్లోకి దించుతారు. మీరు డిలీట్ కొడితే చాట్‌లోంచి మాయమవుతుంది, డిస్కులో దిగిన కాపీ చెక్కుచెదరదు. రెండున్నర రోజులు దాటితే చాట్‌లోంచి తీసే వీలు కూడా ఉండదు.

షాపాయన మంచివాడే కావచ్చు, సమస్య ఆయన కాదు. ఆ ఫోల్డరు ఎవరూ ఖాళీ చేయరు, రోజంతా ఊరందరి పెన్‌డ్రైవ్‌లూ ఆ కంప్యూటర్లోనే గుచ్చుతారు. కాబట్టి డబ్బులిచ్చే ముందే అడగండి: బ్రౌజర్లో కంట్రోల్ జె నొక్కితే డౌన్‌లోడ్ల జాబితా వస్తుంది, అక్కణ్ణించి ఫోల్డరు తెరిచి, ఫైలు మీద షిఫ్ట్ డిలీట్. ఉత్తి డిలీట్ అయితే రీసైకిల్ బిన్‌లో కూర్చుంటుంది. చాట్‌లో మీ డిలీట్ ఆ తర్వాత.

పెన్‌డ్రైవ్ కాస్త మేలు, ఫైలు దాన్నుంచే తెరుచుకుంటుంది. అందులో ఆ ఒక్క ఫైలే ఉండాలి, ఇంటికొచ్చాక తెరవకుండా ఫార్మాట్ చేయాలి. ఫోల్డర్లను దాచేసి వాటి బదులు షార్ట్‌కట్లు పెట్టే వైరస్ ఇలాంటి చోట్ల ఇంకా బతికే ఉంది.

ఈ-ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉందిగా అని ధీమా పడొద్దు. పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, పక్కన పుట్టిన సంవత్సరం, అంతే. మీ పేరూ వయసూ తెలిసినవాడికి అది తాళం కిందే లెక్క కాదు.

సీమచింత:
నల్లగీత సంగతి. ఫోన్ ఎడిటర్లో హైలైటర్‌తో గీస్తే అది సగం పారదర్శకం, బ్రైట్‌నెస్ పెంచితే అంకెలు బయటపడతాయి. పీడీఎఫ్ మీద నల్ల డబ్బా పెట్టినా అడుగున అక్షరాలు అలాగే ఉంటాయి, సెలెక్ట్ చేసి కాపీ కొడితే వచ్చేస్తాయి. గీయాలనుకుంటే నిండు రంగుతో డబ్బా గీసి, స్క్రీన్‌షాట్ తీసి, ఆ స్క్రీన్‌షాట్ పంపండి.

ఇంతా చేసి చాలామంది రెండు చోట్ల వదిలేస్తారు. ఒకటి, వెనకవైపు: నంబరు అక్కడా ఉంటుంది. రెండు, క్యూఆర్. 2018కి ముందు అచ్చయిన పాత కార్డుల క్యూఆర్‌లో 12 అంకెల నంబరు ఉన్నదున్నట్టుగా ఉంటుంది, ఏ స్కానర్ యాప్‌తోనైనా చదవొచ్చు. ఇప్పటి సెక్యూర్ క్యూఆర్‌లో చివరి 4 అంకెలే ఉంటాయి, కానీ పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఫోటో అందులోనూ ఉంటాయి.

అందుకే సొంతంగా గీతలు గీసే బదులు మాస్క్‌డ్ కాపీ దించుకోవడమే నయం. ఆధార్ సంస్థ వెబ్‌సైటు మైఆధార్ పోర్టల్‌లో ఆధార్ నంబరు, క్యాప్చా, ఓటీపీ ఇచ్చి లోపలికెళ్ళి, డౌన్‌లోడ్ ఆధార్ దగ్గర "మాస్క్‌డ్ ఆధార్ కావాలా" అన్న చోట టిక్ పెట్టండి. మొదటి 8 అంకెలు కనపడవు. ప్రింట్ మీద ఎందుకిస్తున్నారో, ఎవరికో, తేదీతో సహా పెన్నుతో రాయండి. ఖాళీ మార్జిన్లో రాస్తే కత్తిరించేస్తారు, ఫోటో అంచు మీదుగా పేరు దాకా అడ్డంగా రాయాలి.

మిర్చియార్డు:
పైవాళ్ళు చెప్పినవన్నీ సరైనవే, కానీ నా దృష్టిలో నంబరు ఒక్కటే బయటపడితే కొంప మునగదు. నంబరుకి వేలిముద్ర తోడైతేనే అసలు గండం. బ్యాంకు మిత్ర (బ్యాంకు తరఫున ఊళ్ళో డబ్బులిచ్చే ఏజెంటు) దగ్గర ఆధార్‌తో డబ్బు తీసే పద్ధతిలో బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలు చాలు. ఓటీపీ ఉండదు, ఒక్కో లావాదేవీకి 10,000 రూపాయల దాకా తీయొచ్చు.

వేలిముద్ర ఎక్కడ దొరుకుతుందంటారా? 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లోని భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, రబ్బరుతో అచ్చులు చేసి, వాటితో సిమ్‌లు యాక్టివేట్ చేసి పట్టుబడ్డాడు. ఆ దస్తావేజుల్లో ఆధార్ నంబర్లు కూడా ఉన్నాయి.

కాబట్టి అదే పోర్టల్‌లో "లాక్/అన్‌లాక్ బయోమెట్రిక్స్" దగ్గరికెళ్ళి లాక్ చేసేయండి. వేలు, కనుపాప, ముఖం మూడూ ఆగిపోతాయి, ఓటీపీ పనులు మాత్రం యథావిధిగా సాగుతాయి. పనిలో పనిగా అథెంటికేషన్ హిస్టరీ కూడా చూడండి, గత 6 నెలల్లో మీ ఆధార్‌ని ఎవరు వాడారో తేదీ, సమయంతో వస్తుంది.

గోదారిగట్టు:
లాక్ చేస్తే రేషన్ షాపులో అమ్మ వేలు పడదు కదండీ?

మిర్చియార్డు:
పడదు, మిషన్లో 330 అని ఎర్రర్ వస్తుంది. డీలరుకి అర్థం కాక "వేళ్ళు అరిగిపోయాయి, ఆధార్ సెంటరుకెళ్ళండి" అని పంపేస్తాడు. క్యూలో మీ వంతు రాబోతుండగా తాత్కాలిక అన్‌లాక్ నొక్కండి, 10 నిమిషాలుండి దానంతటదే మళ్ళీ లాకవుతుంది. సర్వర్ నెమ్మదిగా ఉన్న రోజు ఆ 10 నిమిషాలు చాలవు, ఇంకోసారి ఓటీపీ కొట్టాలి. అంటే అమ్మగారి ఆధార్‌కి లింకైన ఫోన్ ఆ టైముకి ఎవరి చేతిలో ఉంటుందో ముందే చూసుకోండి. పింఛనుకీ, పింఛనుదారు బతికే ఉన్నట్టు ఇచ్చే జీవన్ ప్రమాణ్ సర్టిఫికెట్ ముఖం స్కాన్‌కీ ఇదే తంతు.

పాతమోడెం:
ఇంకొకటి. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో టెలికాం శాఖ వెబ్‌సైటు సంచార్ సాథీలో చూసుకోండి. ఫోన్ నంబరు, ఓటీపీ కొడితే జాబితా వస్తుంది, మీవి కానివాటి పక్కన "నాట్ మై నంబర్" నొక్కాలి. డబ్బు పోయినట్టు మెసేజ్ వస్తే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్, వెంటనే బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు. మీ తప్పూ బ్యాంకు తప్పూ లేని మోసమైతే, మెసేజ్ వచ్చిన 3 పనిదినాల్లోపు చెప్పినవాళ్ళకి నష్టం పడకూడదని 2017 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్‌లో ఉంది. ఫిర్యాదు అందినట్టు నంబరు తీసుకోకుండా బ్యాంకు గుమ్మం దిగొద్దు.