పాత టేకు లాంచీ: ఇంజను కింద రబ్బరు మౌంటింగులు ఉంచాలా, నేరుగా దూలాలకు బిగించాలా?

వశిష్ఠ తీరం
నరసాపురం రేవులో మాకు తాతగారి కాలం నాటి టేకు లాంచీ ఉన్నది. మొదట ఉన్న బరువైన నెమ్మది ఇంజనును తీసివేసి, వేగంగా తిరిగే రెండు సిలిండర్ల డీజిల్ ఇంజనును నాలుగు రబ్బరు మౌంటింగులపై పెట్టించాము. ఇప్పుడు గేరుబాక్సు వైపు ఎడమ మౌంటింగులో రబ్బరు డీజిలు తగిలి ఉబ్బి, ఇనుప పలక నుంచి విడిపోయి, బొటనవేలితో నొక్కితే దిగిపోతున్నది. నెమ్మదిగా నడిపినప్పుడు లాంచీ అంతా అదురుతున్నది. ప్రొపెల్లర్ షాఫ్టు బయటికి వెళ్లే చోట నీరు రాకుండా ప్యాకింగుతో పట్టే గ్లాండును ఎంత బిగించినా నీరు ఆగడం లేదు. మెకానిక్ కొత్త రబ్బర్లు వేయమంటున్నారు, వడ్రంగి అసలు రబ్బర్లే వద్దంటున్నారు. మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి లాంచీ తిరగాలి. తెలిసినవారు సలహా చెప్పగలరు.

డీజిల్ మేస్త్రి
నాలుగు మౌంటింగులనూ ఒకేసారి మార్చండి. కుంగిన పాతవాటి మధ్య కొత్తది ఒక్కటి పెడితే భారమంతా దాని మీదే పడుతుంది. మామూలు రబ్బరు డీజిలుకు ఉబ్బుతుంది కాబట్టి నైట్రైల్ గాని నియోప్రీన్ గాని అడిగి తీసుకోండి. గేరుబాక్సు వైపు మౌంటింగులు ఇంజను బరువుతో పాటు ప్రొపెల్లర్ తోపును కూడా మోస్తాయి, అందుకే మీకు అక్కడిదే ముందు పోయింది. రబ్బరు మరీ మెత్తగా ఉంటే ఇంజను జరుగుతుంది, మరీ గట్టిగా ఉంటే అదురు చెక్కకు దిగుతుంది. కనుక ఇంజను బరువు చెప్పి తగినవి తెచ్చుకోవాలి. నేరుగా బిగిస్తే ఆ అదురుకు బోల్టు రంధ్రాలు పెద్దవై దూలాలే పాడవుతాయి.

తాళ్లరేవు పనివాడు
రబ్బరు సంగతి తరువాత, ముందు దూలం చూడండి. ఒక బోల్టు ఊడదీసి, రంధ్రం అంచున ఆరతో పొడవండి. మంచి టేకు ఆరను పట్టుకుంటుంది. నూనె, నీరు తాగి చివికినది నల్లటి తడిపొడిగా రాలుతుంది. అలాంటి దూలం మీద ఎంత మంచి మౌంటింగు పెట్టినా నిలవదు. పై నుంచి మరబిగించే స్క్రూలు ఉంటే తీసేసి, దూలం అవతలి దాకా పోయే బోల్టులు వేసి, అడుగున వెడల్పైన ఇనుప పలక పెట్టండి. దూలాలు పొడవుగా ఉండి వీలైనన్ని వంకులకు, అంటే పడవ పక్కటెముకల్లాంటి కర్రలకు, భారాన్ని పంచాలి. ఇవన్నీ సరిగా ఉంటే రబ్బరు అవసరమే రాదు. వెనుకటి లాంచీలు అలాగే నడిచాయి.

కోనసీమ కుర్రాడు
మేస్త్రిగారు చెప్పినట్టు నాలుగూ మార్చడమే మేలు. మా పంటుకు ఒక్కటే మార్చితే మళ్లీ విప్పవలసి వచ్చింది.

గౌతమి ఒడ్డు
ఇద్దరూ అసలు విషయాన్ని వదిలేశారు. షాఫ్టు అలైన్‌మెంటు, అంటే ఇంజను, షాఫ్టు ఒకే వరుసలో ఉన్నాయా అన్నది, నీటిలో చూడాలి, ఒడ్డున కాదు. కాలువలు కట్టేసిన రోజుల్లో మా పడవను ఒడ్డుకు లాగినప్పుడు ఒక వర్క్‌షాపు వారు అక్కడే మౌంటింగులు మార్చి, గేరుబాక్సును షాఫ్టుతో కలిపే కప్లింగును అక్కడే సరిచేసి డబ్బు తీసుకున్నారు. నీటిలో దింపాక పలకలు నాని, అడుగు దూలం తన వంపుకు తాను వచ్చేసరికి కప్లింగు తప్పింది. ఆ ఏడాదిలోనే షాఫ్టు బేరింగు అరిగిపోయింది. వారిని అడిగితే చెక్క పడవ అంటే అంతే అన్నారు. పడవ నీటిలో రెండు రోజులైనా నానిన తరువాత కప్లింగు బోల్టులు విప్పి, పైన, కింద, ఇరుపక్కలా సన్నని ఖాళీలను కొలిచే ఫీలర్ గేజి రేకులు పెట్టి చూడాలి. నాలుగు అంగుళాల కప్లింగుకు తేడా 4 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు నాలుగు), అంటే సుమారు 0.1 మిల్లీమీటరు, దాటకూడదు.

డీజిల్ మేస్త్రి
ఎవరో చేసిన పనికి మెకానిక్కులందరినీ బోనులో నిలబెట్టడం న్యాయం కాదు. ఈ లాంచీకి కప్లింగు తప్పిందని వశిష్ఠ తీరంగారు ఎక్కడా రాయలేదు. చెడినది రబ్బరు, రబ్బరు గురించే మాట్లాడుతున్నాను.

గౌతమి ఒడ్డు
రబ్బరు కుంగితే కప్లింగు తప్పకుండా ఎలా ఉంటుందండీ? గ్లాండు నీరు కారుతున్నదని వారు రాశారు కదా! ఒడ్డున చేసిన అలైన్‌మెంటు చెల్లదని ఒక్క మాట ఒప్పుకోవడానికి మీకెందుకంత కష్టం?

తాళ్లరేవు పనివాడు
మేస్త్రిగారికి కోపం వచ్చినా సరే, ఉన్నమాట చెబుతాను. ఆ లాంచీని కట్టినవారు నెమ్మది ఇంజను కోసం కట్టారు. దాన్ని పోటుతో ఎగువకు, పాటుతో దిగువకు నడిపేవారు. నీటికి ఎదురీదించే తొందర వారికి లేదు. మీరు వేగం కోసం ఇంజను మార్చి, ఆ ఇంజను అదురును దాచడానికి రబ్బరు తెచ్చి, ఆ రబ్బరు పోతే ఇంకో రబ్బరు అంటున్నారు. చెక్క ఓర్చుకోగలిగినంతే ఇంజను ఉండాలన్నది నా మాట.

డీజిల్ మేస్త్రి
అయితే మీ అభ్యంతరం మౌంటింగు మీద కాదు, ఇంజను మీద. ఆ మాట మొదటే చెప్పి ఉంటే బాగుండేది. పాత ఇంజనుకు విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి? పోటు కోసం యాత్రికులు రేవులో కూర్చుంటారా? సంపాదించని లాంచీకి రంగు వేయించేవారు కూడా ఉండరు, ఒడ్డున ఎండి పగిలిపోతుంది. నడిచే లాంచీ బతుకుతుందని నమ్మి నేను ఇలాంటివాటికి పని చేస్తున్నాను.

యానాం రేవు
ఒక ప్రశ్న. ఆ గ్లాండు వెనుక కర్రకు నేరుగా బిగించి ఉన్నదా, రబ్బరు గొట్టం మీద ఉన్నదా? ఇంజను రబ్బరు మీద కదులుతూ, గ్లాండు కర్రకు గట్టిగా పట్టి ఉంటే, మధ్యలో ఉన్న షాఫ్టు ఆ కదలికనంతా గ్లాండు మీద చూపుతుంది. ప్యాకింగు ఎంత బిగించినా కారుతుంది, పైగా షాఫ్టు వేడెక్కి గీరుకుపోతుంది. సైలెన్సరు గొట్టానికీ, డీజిలు పైపుకూ కూడా ఇంజను దగ్గర వంగే ముక్క ఉండాలి.

వశిష్ఠ తీరం
గ్లాండు కర్రకే బిగించి ఉన్నది; పాత ఇంజను నాటిది, మార్చలేదు. నిన్న ఎడమ వెనుక బోల్టు తీయించాను. రంధ్రం చుట్టూ చెక్క నల్లబడి, ఆర బెత్తెడు లోపలికి దిగింది. మిగిలిన చోట్ల గట్టిగానే ఉన్నది. ఆ దూలాన్ని మార్పిస్తాను, నాలుగు మౌంటింగులూ కొత్తవి వేయిస్తాను, కప్లింగును నీటిలోనే చూపిస్తాను. పాత ఇంజను మళ్లీ పెట్టడం మాత్రం మా వల్ల కాదు.

తాళ్లరేవు పనివాడు
మీ ఇష్టం. గ్లాండుకు రబ్బరు గొట్టం వేయించే ముందు, అది పట్టి ఉన్న వెనుక కర్రను కూడా ఆరతో చూడండి; ఇన్నాళ్ల కదలిక దాన్ని వదిలి ఉండదు. పాటుకు ఎదురు వెళ్లేటప్పుడు ఇంజనును ఎంత వేగం దాటనివ్వకూడదో సరంగుకు ముందే చెప్పి ఉంచండి. నా అభిప్రాయం మారలేదు.

డీజిల్ మేస్త్రి
వెనుక కర్ర విషయంలో వారు చెప్పింది చేయండి. మౌంటింగులు కొనే ముందు ఇంజను, గేరుబాక్సు కలిపిన బరువు ఇక్కడ రాయండి.