సౌండ్ ఇంజనీర్‌కి మ్యూజిక్ కాలేజీలో పాఠం చెప్పే అర్హత ఉందా, లేదా?

గంటస్తంభం_కుర్రోడు:
మాది విజయనగరం. సౌండ్ సర్వీస్ చేస్తాను, పైడితల్లమ్మ పండగ స్టేజీలు, పెళ్లిళ్లు, అప్పుడప్పుడు కచేరీలు. వోకల్ డిప్లొమా అయిపోయింది, ఎంఏ మ్యూజిక్ కట్టాను, నెట్ రాసి లెక్చరర్ అవ్వాలని ఉంది. మొన్న తెలిసిన సంగీతం టీచర్ గారితో ఈ మాటంటే "మైక్ సెట్టోడు పాఠం చెప్తే పిల్లలు వైర్లు చుట్టడం నేర్చుకుంటారు" అనీసి నవ్వీసినారు. మండింది నాకు. 1919లో మన ఊళ్లో సంగీత కాలేజీ పెట్టి ఆదిభట్ల నారాయణదాసు గారిని ప్రిన్సిపాల్ చేసినప్పుడు కచేరీకి మైక్ లేదు, ఒప్పుకుంటాను. ఇప్పుడు మైక్ లేని కచేరీ ఎక్కడుంది? ఏం పాడినా మా మిక్సింగ్ బోర్డు దాటే కదా జనం చెవిలో పడేది. మరది సంగీతం చదువు ఎందుకవ్వదు?

తోడి_మాస్టారు:
ఆ టీచర్ అన్న తీరు బాలేదు గానీ విషయం మాత్రం తప్పు కాదు బాబూ. ఘంటసాల గారు ఇక్కడ మధూకరం ఎత్తుకుని తింటూ నేర్చుకున్నది గొంతు. అది గురువు ఎదురుగా కూచుంటేనే వస్తుంది, మెషీన్‌తో రాదు. ఉన్న పోస్టులే కొన్ని, అందులో ఒకటి టెక్నీషియన్‌కి ఇచ్చేస్తే వోకల్‌కో వయొలిన్‌కో ఒకటి తగ్గినట్టే. పైగా మీ సాఫ్ట్‌వేర్లు ఏం చేస్తున్నాయో వింటున్నాం కదా, శ్రుతి సరిచేసే ఆటోట్యూన్ పెట్టి ప్రతి స్వరాన్నీ హార్మోనియంలాగా ఆ పన్నెండు మెట్ల మీదకే లాక్కొచ్చేస్తారు, స్వరాన్ని ఊపుతూ పలికించే గమకం చచ్చిపోతుంది.

బొబ్బిలి_తీగ:
మాస్టారూ, నేను వీణ వాయిస్తాను, నాకైన అనుభవం చెప్తాను. ఓ సభలో మా ముందు కోలాటం ప్రోగ్రాం అయింది, దానికి పెట్టిన గేట్ సౌండ్ అబ్బాయి తీయకుండా అలాగే ఉంచేశాడు. గేట్ అంటే ఏం లేదు, శబ్దం ఒక మట్టం కంటే తగ్గితే ఆ మైక్‌ని మూసేసే సెట్టింగు, స్టేజీ మీద గోల రాకుండా వాడతారు. వీణలో మీటు జోరుగా పడుతుంది, తర్వాత తీగని పక్కకి లాగి గమకం పలికించేసరికి నాదం సన్నబడిపోతుంది, రాగం ఉండేది ఆ సన్నబడ్డ చోటే. ఈ గేట్ సరిగ్గా అక్కడే మూసుకుంటోంది. తోడి రాగంలో గాంధారం ఊగేలోపే కట్. హాల్లో వాళ్లకి టక్కు టక్కుమని మీట్లే వినపడ్డాయంట. "కొంచెం పెంచు బాబూ" అన్నాను, పాపం ఫేడర్ ఎత్తాడు, మీట్లు ఇంకా గట్టిగా కొట్టాయి! అతనికి గమకం తెలీదు, నాకు గేట్ తెలీదు. ఇద్దరికీ చెప్పేవాళ్లే లేరు, నా కంప్లైంట్ అదొక్కటే.

సాలూరు_రేడియో:
పై దేశంలో ఈ దారిలో నడిచినావిడ ఉన్నారు. సుసాన్ రోజర్స్ అని, లాస్ ఏంజెలిస్‌లో స్టూడియో మెషీన్లు రిపేర్ చేసే పనితో మొదలెట్టి 1983లో అమెరికా పాప్ గాయకుడు ప్రిన్స్ దగ్గర టెక్నీషియన్‌గా చేరి, ఆయన రికార్డింగ్ ఇంజనీర్ అయ్యారు. తర్వాత అన్నీ వదిలేసి నడివయసులో డిగ్రీ నుంచి చదువుకుని, కెనడా మెక్‌గిల్ యూనివర్సిటీలో డాక్టరేట్ చేసి, మనిషి సంగీతాన్ని ఎలా వింటాడన్నదే ఆవిడ సబ్జెక్టు, బోస్టన్‌లో బర్క్లీ మ్యూజిక్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యారు. వాయిద్యం వాయించే మనిషి కూడా కాదు.

తోడి_మాస్టారు:
బాగుంది, కానీ ఆవిడ చెప్పింది రికార్డింగూ వినికిడీ. సరళీ స్వరాలు చెప్పలేదు కదా. ఇతను మ్యూజిక్ లెక్చరర్ అంటున్నాడు.

పార్వతీపురం_పాసింజర్:
రూల్స్ సంగతి కూడా చూడండి. యూజీసీ 2022లో ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అని పెట్టింది, ఫీల్డులో కనీసం 15 ఏళ్లు, సీనియర్ స్థాయిలో పని చేసుంటే డిగ్రీలు తప్పనిసరి కాదు. మంజూరైన పోస్టుల్లో 10 శాతం దాటకూడదు, అవి రెగ్యులర్ పోస్టులకి అదనం, అంటే మాస్టారి వోకల్ పోస్టు ఎక్కడికీ పోదు. కాకపోతే పర్మనెంట్ కాదు, పొడిగించినా మొత్తం నాలుగేళ్లే. పిల్లనిచ్చేవాళ్లు దీన్ని ఉద్యోగం అంటారా అనేది వేరే థ్రెడ్ 😀

గంటస్తంభం_కుర్రోడు:
నాకు ఆ దారొద్దు అన్నా, పదిహేనేళ్లయ్యేసరికి నా చెవులు పోతాయి, ఆ బాక్సుల పక్కన నిలబడి చూడండి ఒకసారి. మాస్టారూ, ఆటోట్యూన్ అన్నారు కదా, నేను చెప్దామనుకుంటున్న పాఠం అదే. అది స్వరాన్ని సరిచేసే స్పీడు ఫాస్ట్‌లో పెడితే గమకం మెట్లు మెట్లుగా విరుగుతుంది, స్లోలో పెడితే కాస్త బతుకుతుంది, కర్ణాటక సంగీతానికైతే అసలు వాడకపోవడమే మంచిది. ఈ తేడా ఎవరు చెప్తారు పిల్లలకి? పాడేవాళ్లేమో ఆ సాఫ్ట్‌వేర్ ముట్టుకోరు, ముట్టుకునేవాళ్లకి తోడికీ భైరవికీ తేడా తెలీదు.

తోడి_మాస్టారు:
నీకు తెలుసా తేడా?

గంటస్తంభం_కుర్రోడు:
వింటే చెప్తాను. పాడమంటే తోడి ఇంకా సాధనలోనే ఉంది.

తోడి_మాస్టారు:
అయితే ముందది పాడి క్లాసుకి రా, నేనే సంతకం పెడతాను. అది రాకుండా మాత్రం లెక్చరర్ అనకు, ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్ అను.

బొబ్బిలి_తీగ:
మరి వోకల్ లెక్చరర్లకి కూడా గేట్ తీయడం వస్తేనే సంతకం పెడతారా మాస్టారూ?